నాయన పలక

మా చిత్తూరు పక్క డప్పును పలక అంటారు. నేను అక్షరాలు దిద్దిందీ పలకే. నాయన మెడలో ఒకటి, నా సంకలో ఒకటి. "నీకా పలక చాలురా, దీన్ని ముట్టుకోవద్దు" అనేవాడు. ఊళ్లో పీనుగ లేస్తే పిలుపొచ్చేది. రాత్రంతా కొట్టినా కూలి పైనుంచే దోసిట్లో పడేది.

నేను టీచరునైనాక పలక అటకెక్కింది. "మీ నాయన ఏం చేసేవారు సార్?" అని తోటి టీచర్లడిగితే, కూలిపని అనేవాణ్ణి.

నాయన పోయినాక దించి చూస్తే తోలు ఎలకలు కొరికుండాయి, చెక్క అతుకు వదిలుండాది. గోడకు తగిలిద్దామన్నాను. "మోగనిదాన్ని ఏం చేసుకుంటావురా?" అనింది అమ్మ.

చిన్నాయనా నేనూ కూర్చున్నాం. అతుక్కి ఇనుపపట్టీ వేసినాం. మేకతోలు నానబెట్టి, బొచ్చు గీకి, చింతగింజల జిగురుతో అంటించి, లాగి కట్టి ఆరబెట్టినాం. మంట సెగకు తోలు బిగిసింది. కుడిచేత సిర్ర, ఎడమచేత సిటికెన పుల్ల. మొదటి దెబ్బకు నా చెయ్యి వణికింది.

తిరుపతి గంగజాతరలో పలక లేకుంటే వేషాలు కదలవు. 1994లో ఈదుముడిలో మొదలైన ఉద్యమం దండోరా అనే పేరు పెట్టుకుంది. మరి దాచుకుంది నేనే.

ఆగస్టు 15న బళ్లో కొట్టినాను. "ఎవరిది సార్?" అన్నారు పిల్లోళ్లు.

తోటి టీచర్లందరికీ వినపడేట్టు చెప్పినాను: "మా నాయనది."