ఆదివారం బీఎస్సీ

ఏ కాలేజీల చదివినవని ఎవరన్నా అడిగితే నాకు వెంటనే నోరు పెగలదు. డిగ్రీ చదివిన మాట నిజం. కాలేజీకి పోయిన మాట కూడా నిజం. కానీ పోయింది ఆదివారాలే. మిగతా ఆరు రోజులు ఆ కాలేజీ వేరేవాళ్ళది. వాళ్ళు కూర్చున్న బెంచీల మీద ఏడో రోజు మేం చుట్టాల్లెక్క పోయి కూర్చునేవాళ్ళం. పిలవని చుట్టాలం.

మాది భువనగిరి దిక్కు ఒక పల్లె. మాదిగ వాడ. మా తాత లందలో తోళ్ళు నానేసేవాడు. ఆ లంద వాసనకు ఊరోళ్ళు ముక్కు మూసుకొని పోయేవాళ్ళట. ఆ తోలుతో కుట్టిన చెప్పులు తొడుక్కునేటప్పుడు మాత్రం ఏ వాసనా రాకపోయేది. దుకాణం చెప్పులు వచ్చినంక తాత లంద ఎండిపోయింది. మా నాయిన 1980ల మొదట్లో మూట నెత్తిన పెట్టుకొని మల్లాపూర్ వచ్చిండు. నాచారం, మల్లాపూర్ కంపెనీల్లో దినకూలికి మనుషులు కావాలన్నారట. లంద వాసన నుంచి మందుల వాసనలోకి వచ్చి పడ్డం. నేను పుట్టింది ఆ వాసనలోనే, 1988లో.

నాయిన ఒక కంపెనీలో డ్రమ్ములు మోసేవాడు. అందులో ఏముంటదని చిన్నప్పుడు అడిగితే "తేజాబు" అనేవాడు. అన్నిటికీ అదొక్కటే పేరు. డ్రమ్ము మీద ఇంగ్లీషులో ఏదో రాసి ఉండేది. దాన్ని చదవగలిగినవాళ్ళు డ్రమ్ము ముట్టుకునేవాళ్ళు కాదు. డ్రమ్ము మోసేవాళ్ళకు చదవ రాదు. ఆ పనికి ఎవరెవరిని పెట్టారో చూస్తే మా వాడ మొత్తం అక్కడే కనిపించేది.

2003లో, నేను తొమ్మిదో తరగతిలో ఉన్నప్పుడు, ఒకనాడు సూపర్‌వైజరు ఖాళీ డ్రమ్ము కడగమన్నడు. అడుగున ఇంకింత తేజాబు మిగిలి ఉంది. నాయిన బకెట్టుతో నీళ్ళు తెచ్చి అందులో గుమ్మరించిండు. బుస్సున లేచి మొహమ్మీద పడ్డది. కుడి కన్ను పోయింది. కుడి చెయ్యి మోచేతి దాకా కాలి, చర్మం కుంచించుకుపోయింది. దవాఖాన ఖర్చు కొంత ఇచ్చి, రేపటి నుంచి రావొద్దన్నారు. కాంట్రాక్టు కూలీ కనుక రిజిస్టర్‌లో పేరే లేదు. పేరు లేనోనికి కన్ను పోయిందంటే ఎవరు ఒప్పుకుంటారు?

"నా కర్మ బిడ్డా" అన్నడు నాయిన. ఇంట్లో అందరం అదే నమ్మినం.

ఇంటర్ బైపీసీ సర్కారు కాలేజీలో పాసైన. 2006. అమ్మ ఒక్కతి కూలీ మీద ఇల్లు నడవదు. నేను రాత్రి షిఫ్టు ప్యాకింగ్ పనికి కుదిరిన. డిగ్రీ మాట మర్చిపోయిననే అనుకున్న. మా గల్లీలో ఎలక్ట్రీషియన్ పని చేసే అన్న ఒకాయన, "అంబేద్కర్ పేరు మీద యూనివర్సిటీ ఉన్నదిరా, పని చేసుకుంట చదవొచ్చు" అన్నడు.

అది 1982లో ఆంధ్రప్రదేశ్ సార్వత్రిక విశ్వవిద్యాలయంగా మొదలైంది. దేశంలో మొట్టమొదటి ఓపెన్ యూనివర్సిటీ. ఢిల్లీలో ఇగ్నో వచ్చింది దాని తర్వాత, 1985లో. రెండింటికీ మొదటి వైస్ ఛాన్సలర్ జి. రామ్‌రెడ్డి గారే. 1991లో, బాబాసాహెబ్ శతజయంతి ఏడాది, దానికి ఆయన పేరు పెట్టారు. ఇంటర్ లేనివాళ్ళు కూడా అర్హత పరీక్ష రాసి బీఏలో చేరే వీలు ఆ రోజుల్లో ఉండేది. కండక్టర్లు, హోంగార్డులు, పెళ్ళై పిల్లలున్న ఆడవాళ్ళు ఆ దారిలోనే వచ్చారు. పాఠాలు తెలుగులో అచ్చేసిన పుస్తకాలుగా చేతికిచ్చేవాళ్ళు. ఆ పుస్తకాల కట్ట ఇంటికి తెచ్చిన రోజు మా అమ్మ దాన్ని బియ్యం డబ్బా మీద పెట్టింది. ఎలుకలు కొట్టని జాగా మా ఇంట్లో అదొక్కటే.

బీఏ ఐతే పుస్తకం చదివి పరీక్ష రాస్తే సరిపోను. బీఎస్సీకి ప్రాక్టికల్స్ తప్పనిసరి. దానికోసం స్టడీ సెంటర్ ఉన్న కాలేజీకి పోవాలె. నాచారం నుంచి హబ్సిగూడ, తార్నాక మీదుగా పోయే బస్సు. ఆ తొవ్వలోనే ఎన్‌జీఆర్‌ఐ, సీసీఎంబీ, ఐఐసీటీ. దేశంలో పేరున్న సైన్సు సంస్థలు మూడు, ఒకే రోడ్డు మీద. రాత్రి పని చేసి నిద్ర కళ్ళతో ఆ ప్రహరీగోడలు చూసుకుంట పోయేవాణ్ణి. మా ఇంటి నుంచి అవి ఎంతో దూరం లేవు. ఐనా మావాళ్ళు ఎవరూ వాటి లోపల ఏముంటదో చూసి ఎరగరు.

మొదటి ఆదివారం కెమిస్ట్రీ ల్యాబు. లోపలికి అడుగు పెడుతుండగానే ఆ కాలేజీ మనిషి ఒకాయన అన్న మాట ఇప్పటికీ చెవుల్లో ఉంది. "అద్దాల బీరువాలో ఉన్నవి మా రెగ్యులర్ పిల్లలవి. మీరు ముట్టుకోవద్దు."

ముట్టుకోవద్దు. ఆయన ఏ ఉద్దేశంతో అన్నాడో నాకు తెల్వదు. గాజు పగులుతదనే అన్నాడేమో. కానీ ఆ మాట మా తాత విన్నడు, మా నాయిన విన్నడు. నాకు అది కొత్త మాట కాదు. మాకు మూతి పగిలిన బ్యూరెట్లు ఇచ్చారు. నలుగురికొకటి.

అక్కడ ఒక ముసలి అటెండర్ ఉండేవాడు. మూడో వారం నా పక్కకొచ్చి మెల్లగా "ఏ ఊరు బిడ్డా, ఎవలోళ్ళు?" అని అడిగిండు. చెప్పిన. ఏమీ అనలేదు. ఆ రోజు అందరూ పోయినంక ఇంకో గంట ల్యాబు తాళం వెయ్యలేదు. బ్యూరెట్ తిప్పుడుకాడ వ్యాజలైన్ ఎట్ల రాయాలో, చుక్క చుక్క ఎట్ల వదలాలో ఆయనే చూపించిండు. ఆయన ఐదో తరగతి కూడా చదవలేదు. ఫినాఫ్తలీన్ వేసిన ఆమ్లంలో క్షారం ఒక్కొక్క చుక్క పడుతుంటే ఎంతసేపటికీ రంగు రాలేదు. ఒక్క చుక్కకు లేత గులాబీ రంగు తిరిగి, అట్లనే నిలబడ్డది. నేను చేసిన పనికి లోకంలో ఒకటి మారడం నేను చూసింది అదే మొదలు.

అసలు చెప్పాల్సింది వేరే ఉంది. సల్ఫ్యూరిక్ ఆమ్లాన్ని పల్చన చేసే రోజు కౌన్సిలర్ సార్ బోర్డు మీద ఒక్క వాక్యం రాసి కింద రెండు గీతలు కొట్టిండు. "నీళ్ళలో ఆమ్లం పోయాలి. ఆమ్లంలో నీళ్ళు ఎన్నడూ పోయరాదు." ఎందుకో కూడా చెప్పిండు. రెండూ కలిసినప్పుడు విపరీతమైన వేడి పుడుతది. నీళ్ళు ఎక్కువుంటే ఆ వేడిని ఓర్చుకుంటయి. ఆమ్లంలో కొద్దిగ నీళ్ళు పోస్తే ఆ నీళ్ళు పైనే సలసల మరిగి ఆమ్లాన్ని ఎగజిమ్ముతయి.

నా చేతిలో పెన్ను ఆగిపోయింది.

ఇంటికి పోయి నాయిన పక్కన కూర్చొని చెప్పిన. నాయిన చాలాసేపు మాట్లాడలేదు. కాలిన చేతిని ఇంకో చేత్తో రాసుకుంట, "ఐతే కర్మ గాదా?" అన్నడు. "గాదు నాయినా. ఆ మాట నీకెవరూ చెప్పలే." "గంతేనా? గా ఒక్క మాటకేనా?" అన్నడు. ఉన్న ఒక్క కంట్లో నీళ్ళు తిరిగినయి. సైన్సు అంటే ఏందో నాకు ఆ రాత్రి అర్థమైంది. ఎవరికి చెప్పాలో వాళ్ళకు చెప్పకుండా దాచిన ఒక్క వాక్యం.

ఇంకో సంవత్సరం పుస్తకంలో టానిన్ల పాఠం వచ్చింది. చెట్టు చెక్కలో ఉండే టానిన్లు తోలులోని ప్రోటీన్‌ను పట్టుకుంటయి, అందుకే తోలు కుళ్ళదు అని. మా తాత సున్నంనీళ్ళల్ల నానబెట్టి వెంట్రుకలు ఊడదీసి, తంగేడు చెక్క రసంలో ఊరేసింది ఇదే కదా! ఎన్ని రోజులుంచాలో, రసం ఎంత చిక్కగుండాలో ఆయనకు చేతివేళ్ళకు తెలుసు. ఆయనది కూడా ప్రయోగశాలే. దానికి ఊరు పెట్టిన పేరు మాత్రం అంటు. అదే తంగేడు పువ్వు తెలంగాణ వచ్చినంక రాష్ట్ర పుష్పమైంది. పువ్వుకు గౌరవం వచ్చింది, చెక్క కొట్టినోనికి రాలేదు.

బీఎస్సీ అయింది, బీఈడీ అయింది. ప్రైవేటు బడిలో చెప్పేటప్పుడు తోటి సార్లు "ఓపెనా? పుస్తకం తెరిచి రాసే పరీక్షనా?" అని నవ్వేవాళ్ళు. 2017లో ప్రకటన వచ్చిన టీఆర్‌టీ రాసి 2019లో సర్కారు బడిలో చేరిన. నాయిన అది చూడలేదు. 2016లోనే పోయిండు.

మరుసటేడు కరోనా. 2020 సెప్టెంబర్ 1 నుంచి టీ-శాట్‌లో, దూరదర్శన్ యాదగిరిలో పాఠాలు. పిల్లలు చూస్తున్నారా లేదా అని మేం ఇల్లిల్లూ తిరిగినం. ఒక ఇంట్లో ముగ్గురు పిల్లలు, ఒకటే ఫోను. అది కూడా తండ్రితో పాటు పనికి పోయి రాత్రి వచ్చేది.

ఆ పిల్లల్లో ఒకమ్మాయి, తల్లి రోడ్లూడ్చే పని చేస్తది, బైపీసీ పాసై మొన్నామధ్య నా దగ్గరికొచ్చింది. ఒక దుకాణంలో పని చేస్తోంది. "సార్, ఇంట్లనే ఉండి సైన్సు కోర్సులు చదువొచ్చంట గదా. స్వయంల పాఠాలున్నయంట. ల్యాబు సుత ఫోన్లనే ఉంటదంట. నిజమేనా?"

నిజమే. స్వయం 2017లో వచ్చింది. 2021 నిబంధనలతో యూనివర్సిటీలు ఒప్పుకుంటే డిగ్రీలో 40 శాతం క్రెడిట్ల దాకా అందులో తెచ్చుకోవచ్చు. కేంద్ర విద్యాశాఖ వర్చువల్ ల్యాబ్స్ కూడా ఉన్నయి. ఇద్దరం కూర్చొని ఫోన్లో టైట్రేషన్ చూసినం. వేలితో నొక్కితే చుక్క పడ్డది. గులాబీ రంగు వచ్చింది. పిల్ల మొహం వెలిగింది. అంతలోనే అడిగింది. "తప్పు పోస్తే ఏమైతది సార్?"

"ఏం గాదు. మళ్ళ మొదటి నుంచి షురూ చేస్కోవచ్చు."

అన్ననే గాని నాకు గొంతు పట్టేసింది. మా నాయినకు మళ్ళ మొదటి నుంచి షురూ కాలేదు.

దూరవిద్యను తక్కువ చేసే వాళ్ళ పక్కన నేను నిలబడను. అది లేకుంటే నేను ఇప్పటికీ ప్యాకింగ్‌లోనే ఉందును. తలుపు మూసినోళ్ళకు కిటికీని వెక్కిరించే హక్కు లేదు. ఫోన్లో పాఠం కూడా రావాలె, ఇంకా ఎక్కువ రావాలె. కానీ ఒకటి అడుగుత. డబ్బున్న పిల్లలకు ఫోన్లో ల్యాబూ ఉంటది, కాలేజీలో ల్యాబూ ఉంటది. మా పిల్లలకు ఫోనుతోనే సరిపెడితే, అద్దాల బీరువా తాళం మళ్ళా ఎవరి చేతికి పోయినట్టు? "ముట్టుకోవద్దు" అనే మాటను ఈసారి నోటితో అనాల్సిన పని కూడా ఉండదు.

మా బడిలో ల్యాబు బీరువా తాళంచెవి నా దగ్గరే ఉంది. వచ్చిన ఆదివారం ఆ అమ్మాయిని రమ్మన్న. బీకరులో నీళ్ళు పోసి, పట్టుకొమ్మని, నేనే గాజుకడ్డీ వెంబడి కొద్దికొద్దిగ ఆమ్లం జార్చిన. వేడి ఆమె చేతికి తగిలి ఉలిక్కిపడ్డది. ఎందుకో చెప్పిన. నాయిన సంగతి కూడా చెప్పిన.

పిల్ల కాసేపు మాట్లాడలేదు. తర్వాత, "మా అన్న ఇక్కడనే కంపెనీల డ్రమ్ములు కడుగుతడు సార్" అన్నది. "ఇయ్యాల్నే పోయి చెప్త."