మంచు వెలిశాక

వాన వెలిస్తే గొడుగు మడిచి గోడకి ఆనించి ఎవరి పనిలో వాళ్లు పడతారు. మంచు వెలిస్తే అలా కుదరదు. పని అప్పుడే మొదలవుతుంది. తుఫాను ఒక రాత్రిది, మహా అయితే ఒక రాత్రీ పగలూ. దాని వెనక వచ్చే రోజులు ఎలా గడపాలో నాకు నేర్పింది మా అమ్మ. అంతకు ముందు ఆవిడ మంచు మొహం ఎరగదు.

2015 జనవరి 26, సోమవారం. ఆ రోజు రథసప్తమి. మేముండేది అమెరికాలో, మసాచుసెట్స్ రాష్ట్రంలోని వూస్టర్ నగరాన్ని ఆనుకుని ఉన్న శ్రూస్‌బరీలో. నా పురిటికని అక్టోబరులో వచ్చిన అమ్మ ఇంకా మా దగ్గరే ఉంది. పాపకి మూడో నెల. పొద్దున్నే పాలు పొంగించి, చిక్కుడాకులు దొరక్క తమలపాకుల్లోనే పరమాన్నం నైవేద్యం పెట్టి, వంటింటి కిటికీలోంచి తూర్పుకి తిరిగి దణ్ణం పెట్టుకుంది. సాయంత్రానికి మంచు మొదలైంది. అర్ధరాత్రి నుంచి రోడ్ల మీద కార్లు తిరగకూడదని గవర్నరు ఉత్తర్వు వేశారు.

గాలి గంటకి 35 మైళ్ల వేగం అందుకుని, పావు మైలు అవతల ఉన్నది కూడా కనపడని పరిస్థితి కనీసం మూడు గంటలు ఉంటేనే ఇక్కడి వాతావరణ శాఖ దాన్ని బ్లిజార్డ్ అంటుంది. ఆ రాత్రీ మర్నాడూ కిటికీ అవతల ఉన్నది ఆకాశమో నేలో తెలియలేదు. వూస్టర్‌లో 34.5 అంగుళాలు కొలిచారు. ఒక్క తుఫానుకి అంత మంచు ఆ ఊరి లెక్కల్లో అంతకు ముందెప్పుడూ లేదు.

బుధవారం పొద్దున తెరిపి ఇచ్చింది. వీధి తలుపు పావు వంతు తెరుచుకుని ఆగిపోయింది. మావారు గారేజీ తలుపు ఎత్తారు. ఎదురుగా నడుం ఎత్తున తెల్లటి గోడ నిలబడి ఉంది. తలుపు మీద ఉండే పలకలూ, వాటి మధ్య గీతలూ ఆ గోడ మీద అచ్చు దిగి ఉన్నాయి. అమ్మ పాపని ఎత్తుకుని వచ్చి, ఆ గీతల మీద వేలితో రాసి చూసింది. "ఇంత మెత్తగా ఉందేమిటే" అంది.

మెత్తగానే ఉంటుంది. కానీ మా కారు దారి పొడవు 40 అడుగులు, వెడల్పు 20. దాని మీద సగటున రెండడుగుల మంచు పరుచుకుందనుకుంటే 1,600 ఘనపుటడుగులు. చలికి పొడిగా రాలిన తేలికపాటి మంచైనా ఘనపుటడుగు రెండు కిలోల పైనే తూగుతుంది. అంటే మూడున్నర టన్నులు. అదంతా పారతో ఎత్తి పక్కకి పోయాలి. ఇక్కడ ఏటా మంచు ఎత్తుతూ గుండెపోటుతో పోయేవాళ్లున్నారు. చలికి రక్తనాళాలు ముడుచుకుంటాయి, చేతులతో బరువెత్తడం వల్ల రక్తపోటు పెరుగుతుంది, ఏడాదంతా కుర్చీలో కూర్చున్న మనిషి ఒక్కసారి దాని మీద పడతాడు. ఎత్తకుండా వీలైనంత వరకు తొయ్యాలి, ఎత్తక తప్పకపోతే పార సగమే నింపాలి, పావుగంటకోసారి లోపలికొచ్చి ఏదైనా వేడిగా తాగాలి. అమ్మ ఆ రోజు మిరియాల చారు పొయ్యి మీదనుంచి దించనే లేదు.

ఎండ తగిలేసరికి పై పొర కాస్త చెమ్మగిల్లి పారకి అంటుకోవడం మొదలుపెట్టింది. విదిలించినా రాలదు. పార బరువు రెండింతలైంది. అమ్మ కాసేపు చూసి, లోపలికి వెళ్లి కొబ్బరినూనె సీసా తెచ్చి, పార రేకుకి రెండు వైపులా గుడ్డతో రాసింది. పనసకాయ కొట్టేటప్పుడు కత్తికీ చేతికీ నూనె రాసుకుంటాం కదా, అదే లెక్క. ఆ తర్వాత మంచు దిమ్మలు దిమ్మలుగా జారిపడింది. ఇక్కడివాళ్లు కూడా పారకి నూనో మైనమో పూస్తారని తర్వాత తెలిసింది.

మధ్యాహ్నానికి రోడ్డు కనపడింది. అప్పుడే మునిసిపాలిటీ ప్లవ్ బండి వచ్చి, రోడ్డు మీది మంచునంతా పక్కకి నెట్టుకుంటూ వెళ్లి, మా దారి మొదట్లో తొడ ఎత్తు గట్టు పోసిపోయింది. ఇది మెత్తటి మంచు కాదు. నలిగి, మంచు కరగడానికి రోడ్డు మీద చల్లిన ఉప్పు నీళ్లు పీల్చుకుని, ఇటుకల్లా బిగిసిన గడ్డలు. రాత్రి దాకా వదిలేస్తే రాయి అవుతుంది. మంచు తీసేవాళ్లకి గుండె జారిపోయేది ఇక్కడే. బండి నడిపేవాళ్ల తప్పేమీ లేదు, వాళ్లు రెండు రాత్రులుగా నిద్ర లేకుండా రోడ్లు తెరుస్తున్నారు. మావారు మాట్లాడకుండా మళ్లీ పార అందుకున్నారు. పాపని పడుకోబెట్టి నేనూ వెళ్లాను.

కిటికీ దగ్గర నిలబడ్డ అమ్మ అప్పుడే అడిగింది. "ఆ పెద్దాయన గుమ్మం ముందు అడుగు పడలేదేమే?"

మా పక్కింట్లో ఎనభై దాటిన పెద్దాయన ఒక్కరే ఉంటారు. ఆయన మెట్ల మీద మంచు, కురిసింది కురిసినట్టే ఉంది. పిల్లి నడిచిన జాడ కూడా లేదు. మేము పొద్దుట్నుంచీ అటే చూస్తూ ఆ సంగతి గమనించలేదు. అమ్మ గమనించింది. కోనసీమ పల్లెలో తెల్లారేసరికి ఏ వాకిట్లోనైనా ముగ్గు పడకపోతే, ఆ ఇంటికి ఎవరో ఒకరు వెళ్లి పలకరిస్తారు. జ్వరమో, కబురో, ఏదో ఉండి ఉంటుంది. ఆవిడకి మంచు కొత్త గానీ, ఖాళీ వాకిలి అర్థం కొత్త కాదు.

సగంలో ఉన్న మా గట్టు వదిలేసి, ఆయన గుమ్మం దాకా ఒక మనిషి పట్టేంత సందు తవ్వాం. అరగంట పట్టింది. తలుపు తీసిన పెద్దాయన కోటు, టోపీ వేసుకుని ఉన్నారు. ఇల్లు చల్లబడిపోయింది. కరెంటు ఉంది, ఇంటిని వెచ్చబెట్టే ఫర్నేస్ మాత్రం రాత్రి ఆగిపోయిందట. ఎందుకు ఆగిందో ఆయనకి తెలుసు, బయటికి వెళ్లే దారే లేదు. ఇంటి పక్క గోడలోంచి, నేలకి రెండడుగుల ఎత్తున, రెండు తెల్లటి ప్లాస్టిక్ గొట్టాలు బయటికి వచ్చి ఉంటాయి. ఒకటి గాలి పీల్చుకోవడానికి, ఒకటి పొగ వదలడానికి. గాలికి మంచు అటువైపు ఎగదోసుకుని ఆ రెండూ కప్పబడిపోయాయి. ఆయన చెప్పిన చోట మావారు తవ్వి, గొట్టాల చుట్టూ చేత్తో మంచు తీశారు. పది నిమిషాలకి ఫర్నేస్ గుర్రుమని అందుకుంది.

అప్పుడు పెద్దాయన మమ్మల్ని కూర్చోబెట్టి రెండు సంగతులు చెప్పారు. 2005 జనవరిలో ఇలాంటి తుఫాను తర్వాత, ప్లిమత్‌లో ఒక ఇంటి పొగగొట్టాన్ని మంచు మూసేసింది. కార్బన్ మోనాక్సైడ్ ఇంట్లోకి తన్ని, ఏడేళ్ల పాప చనిపోయింది. ఆ వాయువుకి వాసన లేదు, రంగు లేదు. ఆ పాప పేరు మీదే రాష్ట్రం చట్టం చేసి, ఇళ్లలో దాన్ని పసిగట్టే అలారం తప్పనిసరి చేసింది. రెండోది అప్పటికి రెండేళ్ల కిందటిది. 2013 ఫిబ్రవరిలో బాస్టన్‌లో ఒక తండ్రి కారు చుట్టూ మంచు తీస్తున్నాడు. సాయం చేస్తున్న కొడుక్కి చలి వేసింది. వెచ్చగా ఉంటుందని, ఇంజను వేసి ఉన్న కారులో కూర్చోబెట్టాడు. కారు వెనక పొగగొట్టం ఇంకా మంచులోనే ఉంది. పొగ బయటికి పోయే దారి లేక లోపలికి చేరింది. పిల్లాడు దక్కలేదు. తండ్రి అక్కడే, అడుగుల దూరంలో, పార పట్టుకుని ఉన్నాడు.

నేను ఆ మాటలు అమ్మకి తెలుగులో చెబుతూ చెబుతూ మధ్యలో ఆగిపోయాను. మర్నాడు పాపకి టీకా ఉంది. కారు ముందుగా వెచ్చబెట్టి, పాపని అందులో కూర్చోబెట్టి, మిగతా మంచు తీద్దామని పొద్దున మేమిద్దరం అనుకున్న మాట గుర్తొచ్చింది.

ఆ రాత్రి అమ్మకి తుఫాను కబుర్లు వచ్చాయి. 1996 నవంబరు 6 రాత్రి కోనసీమ మీద విరుచుకుపడ్డ తుఫాను అప్పటికి నేను ఎనిమిదో తరగతి. అమలాపురం దగ్గర మా పెంకుటిల్లు సగం కప్పు ఎగిరిపోయింది. తెల్లారి చూస్తే తోటలో కొబ్బరిచెట్లు ఒకదాని మీద ఒకటి పడి, ఇంటి నుంచి వీధిలోకి దారే లేదు. నాన్నగారూ బాబాయిలూ గొడ్డళ్లు పట్టుకుని ముందు తెరిచిన దారి రోడ్డుకి కాదు, మంచినీళ్ల బావికి. రెండోది, బాలింత ఉన్న ఇంటికి. రోడ్డు మూడోది. నాలుగు రోజులకి దీపావళి వచ్చింది. ఆ ఏడు ప్రమిదలు పండక్కి కాకుండా అన్నాలు తినే వెలుతురు కోసం పెట్టుకున్నాం. అమ్మ ఇవన్నీ వరసగా చెప్పి, "ఇక్కడ మన బావి ఏదో చూసుకోండి" అంది.

మా బావి ఏదో గురువారం దొరికింది. మా ఇంటి ముందే, రోడ్డు పక్క, మంటలార్పే నీళ్ల కుళాయి ఉంది. ఇక్కడ ఫైర్ హైడ్రెంట్ అంటారు. అది ఎక్కడుందో తెలియడానికి దాని మీద సన్నటి కడ్డీ పెడతారు. ఆ కడ్డీ కొస తప్ప ఏమీ కనపడలేదు. ఎక్కడైనా ఇల్లు అంటుకుంటే, ఫైరింజను వాళ్లు ముందు ఈ మంచు తవ్వుకోవాలి, తర్వాతే నీళ్లు. దాని చుట్టూ మూడడుగుల మేర తవ్వి, అక్కడి నుంచి రోడ్డుకి దారి చేశాం. మేము మొదలుపెట్టిన కాసేపటికి ఎదురింటి కుర్రాళ్లిద్దరు మంచు చిమ్మే యంత్రం, స్నో బ్లోయర్, తోసుకుంటూ వచ్చారు. మూడేళ్లుగా చెయ్యూపుకోవడమే తప్ప వాళ్ల పేర్లు మాకు తెలియవు. ఆ రోజు తెలిశాయి.

ఇదంతా మొదటి తుఫాను. ఆ ఫిబ్రవరిలో బాస్టన్ మీద 64.8 అంగుళాలు కురిసింది. 9వ తేదీ సాయంత్రం రైళ్లన్నీ ఆపేశారు, మర్నాడూ నడవలేదు. ఆ తర్వాత కూడా వారాల తరబడి ఏ రైలు ఎప్పుడొస్తుందో తెలియక జనం స్టేషన్లలో నిలబడ్డారు. తీసిన మంచు పొయ్యడానికి చోటు లేదు. దారికి అటూ ఇటూ గోడలు నా తల దాటాయి. కారు రోడ్డెక్కించాలంటే ఒకరు దిగి రోడ్డు మీద నిలబడి చెయ్యి ఊపాలి. ఉప్పు పనిచెయ్యడం మానేసింది. మామూలు ఉప్పు సున్నాకి తొమ్మిదీ పది డిగ్రీలు దిగువకి వెళ్తే మంచుని పెద్దగా కరిగించలేదు, కాల్షియం క్లోరైడ్ కావాలి. అది ఏ దుకాణంలో అడిగినా అయిపోయిందనే చెప్పారు.

శివరాత్రి జాగారం చేస్తున్న అమ్మకి పాప గదిలో చప్పుడు వినపడింది. టప్పు, టప్పు అని. పైకప్పు మీది మంచు ఇంటి వేడికి అడుగున కరిగి, చూరు దాకా జారి, అక్కడ వేడి లేక మళ్లీ గడ్డకట్టి గట్టులా తయారవుతుంది. వెనక వచ్చే నీళ్లకి దారి లేక పెంకుల కిందికి ఎగదన్నుతాయి. దీన్ని ఐస్ డ్యామ్ అంటారు. ఆ ఏడు మా చుట్టుపక్కల చాలా ఇళ్లది ఇదే గతి. అమ్మ నన్ను లేపలేదు. ఉయ్యాల జరిపి, చుక్క పడే చోట ఇత్తడి గిన్నె పెట్టి, చప్పుడుకి పాప లేవకుండా గిన్నెలో పాత తువ్వాలు మడిచి వేసింది. వానాకాలంలో మా పెంకుటింట్లో ఆవిడ చేసిన పనే అది. తెల్లారాక పెద్దాయన తన పొడుగు కర్ర పార, రూఫ్ రేక్, ఇచ్చారు. నేల మీద నిలబడే చూరు మీది మంచు కిందికి లాగడం, పాత మేజోళ్లలో కాల్షియం క్లోరైడ్ నింపి గట్టుకి అడ్డంగా పెట్టి కాలవ చెయ్యడం ఆయనే నేర్పారు. ఆ మందు కూడా ఆయన గారేజీలోదే.

ఏప్రిల్‌లో అమ్మ ఊరికి వెళ్లిపోయింది. బాస్టన్ లోగన్ విమానాశ్రయంలో ఆ చలికాలం మొత్తం మంచు 110.6 అంగుళాలు, అక్కడి లెక్కల్లో అదే ఎక్కువ. సముద్రం వైపు సీపోర్టులో లారీలతో తోలి పోసిన మంచు కుప్ప ఎండాకాలం వచ్చినా, చెత్త కప్పుకుని, కరగకుండా ఉండిపోయింది. చివరి ముక్క కరిగిందని నగరం ప్రకటించింది జులై 14న. ఫోన్లో చెబితే అమ్మ, "సరే గానీ, పెద్దాయన ఎలా ఉన్నారు?" అని అడిగింది.

ఏటా మన పిల్లలు ఎందరో చదువులకీ ఉద్యోగాలకీ ఇలాంటి ఊళ్లకి వస్తున్నారు. ఆగస్టు ఎండలో దిగుతారు, మంచు గురించి ఎవరూ చెప్పరు. మీ ఇంటి పొగగొట్టం ఏ గోడలో ఉందో మంచు పడకముందే వెతికి పెట్టుకోండి. అలారంలో బ్యాటరీ మార్చండి. కారు వెనక గొట్టం చుట్టూ మంచు తీశాకే తాళం తిప్పండి, అప్పటి దాకా పిల్లల్ని లోపల కూర్చోబెట్టకండి. ఆ తర్వాత మీ దారి సగంలో ఉన్నా సరే, ఒక్కసారి తలెత్తి పక్క గుమ్మం వైపు చూడండి. అక్కడ అడుగు పడకపోతే, వెళ్లి తలుపు తట్టండి.