శిథిలాల మీద స్టేడియం

వార్సాలో పోన్యతోవ్‌స్కి వంతెన మీదుగా ట్రామ్ విస్తులా నదిని దాటుతుంటే ఎదుట ఎరుపు, తెలుపు రంగుల్లో ఓ భారీ బుట్టలాంటి కట్టడం కనిపిస్తుంది. సుమారు 58,000 మంది పట్టే జాతీయ స్టేడియం అది. దాని కింద ఉన్నది మాత్రం రెండో ప్రపంచ యుద్ధంలో నేలమట్టమైన పాత వార్సా. ఆ శిథిలాలను పోగేసి కమ్యూనిస్టు ప్రభుత్వం 1955లో ఇక్కడ మొదటి స్టేడియం కట్టింది. చెకొస్లొవేకియాపై దండయాత్రకు నిరసనగా 1968లో రిషార్ద్ షివియెత్స్ వేలాది మంది చూస్తుండగా ఒంటికి నిప్పంటించుకున్నది అందులోనే. ప్రభుత్వం ఆ వార్తను తొక్కిపట్టింది.

ఇంత బరువు మోస్తున్న చోటుకు రాజుల పేరో, నాయకుల పేరో కాకుండా ఒక ఫుట్‌బాల్ కోచ్ పేరు పెట్టుకున్నారు పోలండ్‌వాసులు. ముందు నిలబడిన విగ్రహమూ ఆయనదే. కజిమియెజ్ గుర్‌స్కి.

ఆయన వార్సా మనిషి కాదు. పుట్టింది 1921లో ల్వూవ్‌లో. యుద్ధం ముగిసేసరికి ఆ ఊరు సోవియట్ యూనియన్‌లో కలిసిపోయింది. ఇప్పుడది ఉక్రెయిన్‌లోని ల్వీవ్. సొంతూరే పరాయి దేశమైన గుర్‌స్కి సైన్యంతో పాటు వచ్చి వార్సాలో స్థిరపడి, లెగియా క్లబ్‌కు ఆడారు. జాతీయ జట్టుకు ఆడింది ఒకే ఒక్కసారి, 1948లో కోపెన్‌హాగన్‌లో. ఆ రోజు డెన్మార్క్ చేతిలో పోలండ్ 0-8తో చిత్తయింది. పోలండ్ చరిత్రలో అంతటి పరాజయం మరొకటి లేదు.

కోచ్‌గా దశాబ్దానికి పైగా చిన్నాపెద్దా జట్లతో గడిపాక 1971లో జాతీయ జట్టు ఆయన చేతికొచ్చింది. మరుసటి ఏడాదే మ్యూనిక్‌లో ఒలింపిక్ స్వర్ణం. అయినా 1973 అక్టోబర్ 17న లండన్‌లోని వెంబ్లీలో దిగేటప్పుడు ఆ జట్టును ఇంగ్లండ్‌లో పట్టించుకున్నవారు తక్కువ. ప్రపంచ కప్‌కు వెళ్లాలంటే ఇంగ్లండ్ గెలవాలి, పోలండ్‌కు డ్రా చాలు. పోలండ్ ప్రధాన ఆటగాడు లుబాన్‌స్కి గాయంతో దూరమయ్యాడు. గోల్‌కీపర్ తొమషెవ్‌స్కిని బ్రయాన్ క్లఫ్ టీవీలో విదూషకుడన్నాడు. ఆ ‘విదూషకుడు’ తొంభై నిమిషాలూ గోడలా నిలిచాడు. ఒక్క పెనాల్టీ మాత్రమే లోపలికి వెళ్లింది. 1-1. ఇంగ్లండ్ ఇంటికి, పోలండ్ ప్రపంచ కప్‌కు.

పశ్చిమ జర్మనీలో జరిగిన ఆ 1974 కప్‌లో అర్జెంటీనా, ఇటలీ, స్వీడన్, యుగొస్లావియా వరుసగా ఓడాయి. ఫైనల్‌కు ఒక్క మెట్టు దూరంలో, ఫ్రాంక్‌ఫర్ట్‌లో కుండపోత. మైదానం చెరువైంది. ఫైర్ ఇంజన్లతో నీళ్లు తోడించి మరీ ఆడించారు. రెండంచుల నుంచి వేగంగా దూసుకెళ్లడమే గుర్‌స్కి జట్టు బలం. నీళ్లలో బంతి కదిలితే కదా! పశ్చిమ జర్మనీ 1-0తో గెలిచింది. తర్వాత బ్రెజిల్‌ను ఓడించి పోలండ్ మూడో స్థానం తెచ్చుకుంది. ఏడు గోల్స్‌తో లాటో టోర్నీలో అగ్రస్థానాన నిలిచాడు. పొడి నేల మీద ఆ ఆట మళ్లీ ఆడితే ఏమయ్యేదన్న చర్చ పోలండ్‌లో ఇప్పటికీ తెగదు.

1976 జూన్‌లో ధరల పెంపుపై రాదోమ్, ఉర్సుస్ కార్మికులు రోడ్డెక్కారు. జులై ఆఖరున మాంట్రియల్ ఒలింపిక్స్ ఫైనల్లో పోలండ్ తూర్పు జర్మనీ చేతిలో 1-3తో ఓడింది. 0-8 నాటి దేశానికి ఒలింపిక్ రజతం వైఫల్యంగా కనిపించింది! గుర్‌స్కి తప్పుకొని గ్రీస్ వెళ్లారు. అక్కడ పనథినైకోస్‌ను 1977లో, ఒలింపియాకోస్‌ను 1981లో లీగ్, కప్ రెండింటా గెలిపించారు. తిరిగొచ్చి 1991 నుంచి 1995 దాకా పోలండ్ ఫుట్‌బాల్ సంఘానికి అధ్యక్షుడిగా ఉన్నారు. ఆ రోజుల్లో ఈ స్టేడియం పాడుబడి, చవక బట్టల నుంచి దొంగ సీడీల దాకా అన్నీ దొరికే బజారుగా మారింది. వియత్నాం నుంచి వచ్చిన వర్తకులకు అదే బతుకుతెరువు. ఆయన 2006 మేలో కన్నుమూశారు. బజారు 2008లో ఖాళీ అయింది. కొత్త కట్టడం 2012లో తెరుచుకుంది.

అదే ఏడాది అక్టోబర్ 16న ఇక్కడ పోలండ్, ఇంగ్లండ్ ప్రపంచ కప్ అర్హత మ్యాచ్ ఆడాలి. మూసే వీలున్న పైకప్పును తెరిచే ఉంచారు. వాన దంచికొట్టి మైదానం మళ్లీ చెరువైంది. ‘జాతీయ ఈతకొలను’ అంటూ జనం నవ్వుకున్నారు. ఈసారి ఎవరూ పట్టుబట్టి ఆడించలేదు, ఒక రోజు వాయిదా వేశారు. అలా ఆట అక్టోబర్ 17న జరిగింది, వెంబ్లీకి సరిగ్గా 39 ఏళ్లకు. స్కోరు 1-1.