మార్కుల తర్వాత

మా ఇంట్ల డిగ్రీ చదివింది నేనే మొదలు. కైకిలి చేసి నన్ను చదివించిన మా అవ్వ ఒక్కటే చెప్పేది: "మంచిగ సదువుకో బిడ్డా, లొల్లిల పడకు." మాదిగవాడ పిల్లగానికి లొల్లి అంటే సీటు పోవుడేనని ఆమె భయం.

పాత ఆదిలాబాద్ జిల్లా బాసరలో 2008లో ట్రిపుల్ ఐటీ పెట్టిన్రు. పదిలో మంచి మార్కులొచ్చిన పల్లె పిల్లలకు ఆరేళ్ల చదువు. 2022 జూన్‌లో ఆ పిల్లలే ముందుండి, రెగ్యులర్ వీసీ కావాలని, మంచి తిండి కావాలని, 12 డిమాండ్లతో వారం రోజులు కూర్చున్నరు. వానలో గొడుగులు పట్టుకొని కూర్చున్నరు. విద్యామంత్రి వచ్చి మాట్లాడినంకనే లేచిన్రు.

మార్కులు సీటిస్తయి. అన్నం, గౌరవం అడిగితేనే వస్తయి. కరీంనగర్ జిల్లా సర్కారు బడిలో నా పిల్లలకు రెండూ చెప్తున్న: మంచిగ సదువుండ్రి, అడిగేటప్పుడు ఒక్కరే పోకుండ్రి.