ఫలకంపై పేరు, నాలుకపై పేరు

ఇటీవల హైదరాబాద్ వెళ్ళిన సందర్భంలో మేము రెండు క్రీడా మైదానాలను చూశాము. మొదటిది బషీర్‌బాగ్ చేరువలోని లాల్ బహదూర్ స్టేడియం. 1687లో గోల్కొండను ముట్టడించిన మొగలు సేన విడిది చేసిన స్థలమిది. విజయానంతరం ఫతే మైదాన్ అయింది. 1967లో పేరు మారింది. అయినా నగరంలోని పెద్దలు నేటికీ ఫతే మైదాన్ అనే అంటారు.

అక్కడి నుండి ఆటోలో బయలుదేరాము. "రాజీవ్ గాంధీ స్టేడియానికి పోనివ్వు నాయనా" అంటే, "ఉప్పల్ స్టేడియమేనా సాబ్?" అని డ్రైవరు అడిగాడు.

ఆ మైదానానికి తొలుత పెట్టిన పేరు విశాక. నిర్మాణానికి ధన సహాయం అందించేందుకు విశాక ఇండస్ట్రీస్ సంస్థతో కుదిరిన ఒప్పందం మేరకు ఆ పేరు వచ్చింది. తరువాత పేరు మారింది. వివాదం మధ్యవర్తుల వద్దకు, న్యాయస్థానానికి చేరి, ఏళ్ల తరబడి సాగింది.

ప్రధాన ద్వారం ఎదుట నిలబడి ఆలోచించాము. మైదానం కట్టడానికి ధనం కావాలి. ధనమిచ్చిన వారు పేరు కోరడం వర్తక ధర్మమే. కాని ప్రజల నాలుకపై ఉన్న పేరును ఎవరూ అమ్మలేరు. అమ్మగలిగినది ఫలకం మాత్రమే. దానికైనా మాట ఇచ్చే ముందు, ఆ మాటను ఎంతకాలం నిలుపుకోగలమో యోచించడం మేలు.