కర్ర లేని జువ్వ

శివకాశి తారాజువ్వను తిన్నగా నడిపేది దాని తోకకర్ర. కర్ర విరిస్తే జువ్వ ఎవరింట్లో దూరుతుందో ఒట్టపిడారం, కోవిల్‌పట్టి పిల్లలకు ఒకరు చెప్పక్కర్లేదు. మోడల్ రాకెట్‌కు కర్ర ఉండదు. ఆ పని తోక దగ్గరి రెక్కలు చేస్తాయి. సూత్రం మాత్రం ఒకటే: బరువు కేంద్రం ముందు, గాలి ఒత్తిడి కేంద్రం వెనక ఉండాలి. రెంటి మధ్య కనీసం గొట్టం వ్యాసమంత ఎడం కావాలి. 2024 ఫిబ్రవరి 28న ఆ ఊళ్లున్న తూత్తుకుడి జిల్లాలోనే, కులశేఖరపట్నం నుంచి ఇస్రో ఎగరేసిన రోహిణి రాకెట్‌కూ తోకన రెక్కలే ఆధారం.

మధ్యస్థాయి కిట్లు ఇ, ఎఫ్, జి తరగతుల మోటార్లతో ఎగురుతాయి. అక్షరం మారినప్పుడల్లా మొత్తం తోపు గరిష్ఠ పరిమితి రెట్టింపు. జి తరగతికి అది 160 న్యూటన్-సెకన్లు. మోటారు మీద ‘ఎఫ్ 20-7’ అని ఉంటే సగటు తోపు 20 న్యూటన్లు, మందు కాలిపోయిన 7 సెకన్లకు పారాచూట్‌ను బయటికి నెట్టే చిన్న పేలుడు జరుగుతుందని అర్థం.

ఇంత తోపుకు బాల్సా రెక్కలు తరచు చాలవు, ప్లైవుడ్ మేలు. వాటిని పై గొట్టానికి అంటించి ఊరుకోకూడదు. గొట్టానికి గాట్లు పెట్టి, లోపలి మోటారు గొట్టం దాకా దూర్చి, మొదళ్లలో ఎపాక్సీ పట్టించాలి. ఓపిక కావలసింది ఇక్కడే. జిగురు ఆరకముందే కదిలిస్తే రెక్క వంకరపోతుంది, ఆ వంకర ఆకాశంలో బయటపడుతుంది. రంగు ఎలా ఉన్నా ఫరవాలేదు. పారాచూట్‌కు మాత్రం నిప్పంటని గుడ్డ చుట్టాలి. జువ్వ పేలి పోతుంది, ఇది తిరిగి రావాలి మరి.

ప్రయోగానికి నల్లరేగడి చేలు కోతలయ్యాక అనువు. ఎండుగడ్డి చెక్కి, ఉక్కు కడ్డీ నిలిపి, తొమ్మిది మీటర్ల అవతల నుంచి బ్యాటరీతో అంటించాలి. గాలి గంటకు 32 కిలోమీటర్లు దాటితే ఆ రోజుకు మానుకోవాలి. కయత్తారు గాలిమరలను తిప్పే ఆషాఢపు గాలుల్లో పారాచూట్ పక్క ఊరి పొలిమేర చేరుతుంది.

1954లో అమెరికాలో చెప్పుల దుకాణం నడిపే ఆర్విల్ కార్లైల్ తొలి మోడల్ రాకెట్ తయారుచేశాడు. 1957 నుంచి హ్యారీ స్టైన్ దాన్ని ప్రచారంలోకి తెచ్చాడు; పిల్లలు సొంతంగా మందు కూరి వేళ్లు పోగొట్టుకోకుండా చూడటమే అతని తాపత్రయం. మన దేశంలో మోటార్లు తేలిగ్గా దొరకవు, పేలుడు పదార్థాల చట్టం కిందికి వస్తాయి, ఎగరేయడానికీ అనుమతులు కావాలి. దొరకలేదు గదా అని ఇంట్లో మందు నూరవద్దు. లైసెన్సున్న మోటారు, అనుభవజ్ఞుల పర్యవేక్షణ రెండూ కుదిరేదాకా కిట్‌ను కట్టి అటక మీద ఉంచండి.