ఇతర అంశాలు: లేవు

రెండేళ్ల కిందట మేం కొంతమంది స్నేహితులం నెలకోసారి కలిసి ఒక కథో వ్యాసమో చదివి మాట్లాడుకోవడం మొదలుపెట్టాం. మూడో నెలకే నాకు అసహనం మొదలైంది. ఎప్పుడూ ఆ ఇద్దరు ముగ్గురే మాట్లాడతారు, మిగతావాళ్లు వింటూ ఉండిపోతారు. పద్ధతి లేని చోట పెత్తనం పోదని, కనబడకుండా దాక్కుంటుందని అమెరికన్ స్త్రీవాది జో ఫ్రీమన్ 1970లోనే చెప్పింది కదా! నియమాలు రాశాను. మనిషికి ఐదు నిమిషాలు. ప్రశ్నలు ముందే కాగితం మీద రాసివ్వాలి. విషయం దాటకూడదు. ఒకరు గడియారం చూడాలి, ఒకరు రాసుకోవాలి. వచ్చిన ప్రతి ఇబ్బందికీ ఒక నియమం చేర్చుకుంటూ పోతే పన్నెండయ్యాయి. పదకొండు మందిమి మాత్రం నలుగురమయ్యాం.

ఆ రోజుల్లోనే పొదుపు సంఘాల గురించి తెలుసుకునే పని మీద మోకిల వెళ్లాను. శంకర్‌పల్లి రోడ్డు పొడుగునా విల్లాల బోర్డులు. ఊళ్లో ఒకరి అరుగు మీద సంఘం మీటింగు. ఈ సంఘాలకి పంచసూత్రాలుంటాయి: క్రమం తప్పని సమావేశం, పొదుపు, అంతర్గత అప్పు, సకాలంలో వాయిదా, పుస్తకాల నిర్వహణ. తర్వాత ఆరోగ్యం, చదువు వంటివి కలిపి దశసూత్రాలు చేశారు. ఏదీ చెడ్డది కాదు. లెక్క తప్పితే నష్టపోయేది ఆడవాళ్లే. కానీ ఆ గంటంతా గళ్లు నింపడానికే సరిపోయింది. చివరి గడి 'ఇతర అంశాలు'. రాసే అమ్మాయి తలెత్తకుండానే 'లేవు' అని రాసింది. అందరూ సంతకాలు పెట్టారు.

పుస్తకం మూశాక ఒకామె పక్కనున్నామెతో మెల్లగా అంది: "అక్కా, మా నాయిన భూమి అమ్ముతుండ్రట. నాకేం వద్దని సంతకం పెట్టుమంటుండ్రు అన్నలు. ఏం జెయ్యాలె?"

లేవబోతున్నవాళ్లు మళ్లీ కూర్చున్నారు.

"నేను పెట్టిన. పెట్టకుంటే పండుగకు పిలుస్తరా?" అందొకామె.

"నేను పెట్టలే. నాలుగేండ్లాయె, పుట్టింటి గడప తొక్కలే," అంది ఇంకొకామె.

పూర్వీకుల ఆస్తిలో కూతురికి సమాన వాటా మన రాష్ట్రంలో 1985లోనే, అప్పటికి పెళ్లికానివాళ్లకి, వచ్చిందని, 2005లో దేశమంతటా వచ్చిందని నేను చెప్పాను.

"చట్టం ఎర్కే మేడం. అన్నలతోని చెప్పుడే కష్టం," అందామె. ఆ చెప్పడం ఎలాగో అన్నదాని మీద చీకటి పడేదాకా మాట్లాడుకున్నారు. నా నియమాల ప్రకారం అదంతా విషయం దాటిన మాటే.

తిరిగొస్తూ బస్సులో దూబగుంట గుర్తొచ్చింది. 1990ల మొదట్లో నెల్లూరు జిల్లాలోని ఆ ఊళ్లో చదువు నేర్చుకోవడానికి కూర్చున్న ఆడవాళ్లు తమ ఇళ్లలో సారా చేస్తున్న పని గురించి మాట్లాడుకున్నారు. అక్షరాలు దిద్దడమే ఇక్కడి పని అని ఎవరైనా ఆపి ఉంటే? 1993 అక్టోబరులో సారా నిషేధం వచ్చేదా?

ఇంటికొచ్చి నా కాగితం తీశాను. రెండు నియమాలుంచాను: చర్చ మొదలుపెట్టే మనిషి ప్రతి నెలా మారాలి, అంతవరకూ మాట్లాడనివాళ్లని అడగాలి. పెత్తనాన్ని ఆపేవి అవి రెండే. మిగతా పదీ మాట ఎటు పోతుందోనన్న నా భయంలోంచి పుట్టినవి. రావడం మానేసినవాళ్లకి ఫోన్లు చేశాను. "ఈసారి కూడా ప్రశ్నలు రాసివ్వాలా?" అని అడిగిందొకామె. సిగ్గేసింది.

మొన్న మోకిల వెళ్లినప్పుడు తెలిసింది, ఆమె ఇంకా సంతకం పెట్టలేదట. అన్నల దగ్గరికి ఆమెతోపాటు ఎవరెవరు వెళ్లాలో వచ్చే మీటింగప్పుడు అనుకుంటారట. పుస్తకం మూశాకే.